సాంచా పాటలో ఆఖరి మాట

ముందే చెప్తున్నాను, నాది ఒప్పుకునే గుణం కాదు. తప్పని లోపల తెలిసినా నోటితో ఒప్పుకోను. "కాదు అన్న మాట ముందుగాల పుట్టింది, దాని ఎనక నువ్వు పుట్టినవు" అని మా అమ్మ అనేది. అలాంటి నాతో రోజూ కొట్లాడి, ఆ కొట్లాటలోనే ప్రాణానికి ప్రాణమైన మనిషి ఒకతి ఉండేది. మా మరిది భార్య. మా దిక్కు తోటికోడలిని యారాలు అంటారు. నాకంటే చిన్నది. నన్ను అక్కా అని పిలిచేది, నేను చెల్లే అనేదాన్ని. మా ఇద్దరి మధ్య నడిచిన పెద్ద తగువు ఒక పాట గురించి. నిజానికి పాట గురించి కూడా కాదు, పాట చివర వినబడే ఒక్క అక్షరం గురించి.

ఆమెది సిరిసిల్ల, మాది కోరుట్ల. పెళ్లై కొత్తగా వచ్చినప్పుడు మా ఇంట్లో ఆమెకు నిద్ర పట్టేది కాదు. ఎందుకని అడిగితే "సప్పుడు లేదక్క" అన్నది. పుట్టింట్లో గోడ అవతలే సాంచాలు రాత్రింబగళ్లు నడిచేవట. సాంచాలంటే కరెంటు మగ్గాలు. ఆ టకటక వింటూ పెరిగిన పిల్లకు మా ఇంటి నిశ్శబ్దం చెవుల్లో దూది కుక్కినట్టు ఉండేదట. అందుకని దిండు పక్కన ఫోన్ పెట్టుకుని పాటలు వినేది. గోడకు ఇవతల పడుకునే నాకు నిద్ర చెడేది. పొద్దున లేచి బడికి పోయి పిల్లల ముందు ఆవులించాల్సి వచ్చేది. నేను ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. మాటా మాటా పెరిగింది. రెండు కొప్పులు ఒక ఇంట్లో ఇమడవని మా అత్త ఊరికే అనదు కదా అనుకున్నాను.

ఒకరోజు పొద్దున కూరగాయలు తరుగుతూ నాకు తెలియకుండానే ఒక పాట కూనిరాగం తీశాను. ఆమె పొయ్యి ముందు నుంచి తలెత్తి చూసింది.

"అక్కా, నీ నిద్ర చెడగొట్టే పాటనే గదా గది?"

నాకు ఒళ్లు మండింది. "నేనేం మెచ్చుకుంట పాడుత లేను. రెండో చరణంల రాగం తప్పుతున్నది ఆ పాడే పిల్ల. గది చూస్తున్న" అన్నాను.

"ఏడ తప్పింది? పెడుత ఆగు, నువ్వే ఇను."

పెట్టింది. తప్పలేదు. తప్పిందనే అన్నాను. పప్పు మాడిపోయేదాకా కొట్లాడుకున్నాం. ఆ రోజు నుంచి ఆమె ఫోన్ గోడకు ఇవతలికి ఇంకా బాగా వినబడేటట్టు పెట్టేది, నేను వద్దనలేదు.

ఆ పాటలు పాడిన వాళ్లు ముగ్గురు. ఒక ఆడపిల్ల, ఇద్దరు మగపిల్లలు. సిరిసిల్ల వాళ్లే. మా పల్లె బాణీలకు కీబోర్డు, డప్పు కలిపి పాటలు కట్టి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు. కొన్నాళ్లు మా దిక్కు ఏ పెళ్లి బరాత్ అయినా వాళ్ల పాట మోగకుండా ముందుకు కదిలేది కాదు. బతుకమ్మ ఆటలో, ఆటోల్లో, బీడీలు చేసే అరుగుల మీద, అంతటా వాళ్లే. తర్వాత ఒకనాటికి పాటలు రావడం ఆగిపోయింది. ఒకతను దుబాయి పోయాడని, ఆ పిల్లకు పెళ్లైందని, ముగ్గురికీ చెడిందని తలా ఒక మాట అనుకున్నారు. కొత్త బృందాలు వచ్చాయి. జనం వాళ్లను మరిచిపోయారు. మరవని వాళ్లం కొంతమందిమి మిగిలాం. మా గుంపుకు ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. అందులో నా చెల్లెకు ఉన్నంత నోరు ఎవరికీ లేదు.

ఆ గ్రూపులోకే వచ్చింది సాంచా పాట. దాని అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు, ఆ పేరు మేం పెట్టుకున్నదే. అది ఎక్కడా విడుదల కాలేదు. ఫోన్‌లో రికార్డు చేసిన ముక్క ఒకటి జగిత్యాలలో వాళ్లకు సౌండ్ చూసే ఒకాయన దగ్గర ఉండిపోయింది. ఆయన ఎవరికో పంపాడు, వాళ్లు ఇంకెవరికో పంపారు. అట్లా చేతులు మారి మా ఇంటికి వచ్చింది. ఆమె అప్పుడు జాకెట్ కుడుతున్నది. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని వాడకట్టు ఆడవాళ్లందరికీ కుట్టేది. ఫోన్ మిషన్ మీద పెట్టి నొక్కింది.

కీబోర్డు లేదు, డప్పు లేదు. వెనక సాంచాల టకటక, ముందు ఆ పిల్ల గొంతు. అంతే.

సద్దిమూట మరిచిపోకు, సల్లగాలి తగలనీకు,
మూలమలుపు తిరిగెదాక ముంగిట్లనె నిలవడుత.

అట్లా సాగుతుంది. ఊరు విడిచి పోతున్న మనిషిని వాకిట్లో నిలబడి సాగనంపే పాట. చివరికి వచ్చేసరికి గొంతు కొంచెం తగ్గుతుంది.

గడప దాటుకుంట నువ్వు నాతోనన్న మాట ఒకటె...

అక్కడ సాంచా ఆగుతుంది. ఆ ఖాళీలో ఆ గొంతు ఒక్కటే "పో..." అంటుంది. అంతటితో రికార్డింగు తెగిపోతుంది.

మా చెల్లె పెడల్ మీది కాలు తీసేసింది. కళ్లనిండా నీళ్లు. "మా ఇంటి సప్పుడక్క" అన్నది. మళ్లీ పెట్టింది. మళ్లీ, మళ్లీ పెట్టింది. ఆ రోజు జాకెట్ పూర్తి కాలేదు, మా ఇంట్లో వంట కూడా సరిగ్గా కాలేదు. నాకు కూడా ఆ పాట లోపలికి దిగిపోయింది. అయితే ఆ మాట పైకి అనలేదు.

"పాపం, కరెంటు పోయినట్టున్నది, గందుకే పాట తెగింది" అన్నాను. గ్రూపులో అందరూ అదే అనుకున్నారు.

"కరెంటు పోలేదక్క. కరెంటు పోతె అన్ని సాంచాలు ఒక్కసారే ఆగుతయి. మంచిగ ఇను, ఆవలివి నడుస్తనే ఉన్నయి. దగ్గరిది ఒక్కటే ఆగింది" అన్నది.

"ఏదో ఒకటి ఆగింది తియ్యి. ఆ పిల్ల అన్నది మాత్రం పోతున్న అని."

"ఏంది? పోతున్ననా? నీకు చెవులున్నయా అక్కా? పోయస్త అన్నది!"

తగువు అట్లా పుట్టింది.

ఇది మా దిక్కు వాళ్లకు తప్ప ఇంకెవరికీ తగువులాగా కనబడదేమో. మా ఇళ్లలో బయలుదేరే మనిషి పోతున్న అనకూడదు. పాలకు పోయినా, పట్నం పోయినా పోయస్త అనాలి, పోయి వస్తానని. నోరు జారి పోతున్న అంటే వెనక్కి పిలుస్తారు. కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించి, సరిగ్గా అనిపించి మళ్లీ పంపిస్తారు. "పోతున్న అని పోయేది పీనుగొక్కటే" అంటుంది మా అత్త. ఇప్పుడు ఆ పాటలో గడప దాటే మనిషి చివరగా ఏమని దాటాడు? పోతున్న అన్నాడా, పోయస్త అన్నాడా? ఆ మాట మీదనే పాట మొత్తం నిలబడి ఉన్నది. తిరిగొచ్చే మనిషి పాటనా, తిరిగిరాని మనిషి పాటనా?

నేను పోతున్న పక్షం. వచ్చేవాడి కోసం ఎవరైనా అంత ఏడుపు గొంతుతో పాడతారా? రాడని తెలిసే పాడుతున్నది. పైగా "పో" దీర్ఘం చూడు, తర్వాత "త" ఒత్తడానికి గొంతు సిద్ధమవుతున్నది అని బడిలో పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆమె విన్నది, చేతిలో కత్తెర పక్కన పెట్టింది.

"నీ దీర్ఘం పాడుగాను. పాట రాసినోడు మన దిక్కోడేనా కాదా? మన దిక్కోడైతే గడప మీద నిలవడ్డ మనిషి తోని పోతున్న అనిపిస్తడా? ఆని అమ్మ ఆన్ని తంతది."

ఆ మాటకు గ్రూపు గ్రూపంతా నవ్వింది. సగం మంది ఆమె వైపు పోయారు. ఆమెకు "పోయస్త అక్క" అని పేరు పడింది, నాకు "పోతున్న అక్క" అని. రాయికల్ నుంచి ఒకామె రాసేది, ఆ పాట పెట్టుకుంటే బీడీలకు దారం చుట్టే చేతులు సాంచా వేగంతోనే నడుస్తాయని. మెట్‌పల్లి పసుపు మార్కెట్‌లో పనిచేసే ఒకాయన పాటను బాగా నిదానం చేసి ఆ "పో"ను పట్టుకోవాలని చూశాడు. అది బర్రె అరిచినట్టు వచ్చింది. దానికీ మేం రెండు పక్షాలుగా చీలి వాదించుకున్నాం. మస్కట్‌లో ఉండే ఒకతను మాత్రం ఏ పక్షమూ చెప్పేవాడు కాదు. "నేను ఇంట్ల చెప్పకుండ బస్సెక్కిన. నాకు రెండూ ఎర్కలేవు" అని ఒక్కసారి రాశాడు. ఆ రోజు ఎవరూ కొట్లాడలేదు.

ఒక ఆదివారం జగిత్యాలలో కలుద్దామనుకున్నాం, సౌండ్ ఆయన దుకాణంలో. ఇద్దరం వయసొచ్చిన కోడళ్లం, పాట వినడానికి వేరే ఊరు పోతున్నామని అత్తకు ఎట్లా చెప్తాం? కొండగట్టు గుడికి పోతున్నామని చెప్పాం. "పోతున్నం ఏంది, పోయస్తం అనుండ్రి" అన్నది అత్త. బస్సు ఎక్కేదాకా మా చెల్లె నన్ను పొడుస్తూనే ఉన్నది. "చూసినవా? మన అత్త సుత నా పార్టీనే."

దుకాణం చిన్నది. బరాత్‌లకు కట్టే పెద్ద స్పీకర్లు గోడలకు ఆనించి ఉన్నాయి. వాటి మధ్య ఇరుక్కుని నిలబడ్డాం, అన్ని ఊళ్ల వాళ్లం. ముఖాలు కొత్తవి, గొంతులన్నీ తెలిసినవి. సౌండ్ ఆయన ఫోన్ తీగ తగిలించి సాంచా పాట పెట్టాడు. అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు. సాంచాల టకటక గుండెల మీద కొట్టింది. ఆ పిల్ల ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. మొదటి లైను ఎవరో ఎత్తుకున్నారు, తర్వాత అందరమూ పాడాం. సద్దిమూట మరిచిపోకు అంటూ రాయికల్ ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నది. చివరికి వచ్చింది. నాతోనన్న మాట ఒకటె... అని అందరం ఆగాం. సాంచా ఆగింది. "పో" అన్నది. సగం మందిమి "తున్న" అని, సగం మంది "యస్త" అని గొంతు చించుకుని అరిచాం. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి లోపలికి తొంగి చూశారు. మా చెల్లె నవ్వలేక నా భుజం మీద పడిపోయింది. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు వెతికితే ఇంకొకటి రెండు దొరుకుతాయేమో, చెప్పలేను.

సౌండ్ ఆయనను అడిగాం, అసలు మాట ఏమిటని. "నాకు సుత గంతే అచ్చిందమ్మా. ఆ పిల్లనే పంపింది. మిగిలింది తర్వాత పాడుత అన్నది, పాడలేదు. ఇప్పుడు సిరిసిల్లలనే ఉన్నది. పాటలు ఇడిచిపెట్టింది" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు దేవుని పేరు మీద అబద్ధం ఎందుకని భయమేసి నిజంగానే కొండగట్టు పోయి దండం పెట్టుకున్నాం. ఆమె గుడి ముందు కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడింది. ఏం మొక్కినవే అంటే, "నువ్వు ఓడిపోవాలె అని" అన్నది.

ఆ తర్వాతి ఎండాకాలమే ఆమెకు కడుపులో నొప్పి మొదలైంది. ముందు గ్యాస్ అనుకున్నాం. తర్వాత గడ్డ అన్నారు. ఆ గడ్డ ఎటువంటిదో డాక్టర్లు మా మరిదికి చెప్పారు, మరిది నాకు చెప్పాడు, ఆమెకు చెప్పకుండా ఉంచాలనుకున్నాం. ఆమెకు మాకంటే ముందే తెలుసు. మందులు పడ్డాక జుట్టు ఊడిపోయింది. నెత్తికి కొంగు కప్పుకుని మిషన్ ముందు కూర్చునేది గాని కాలు ఆడేది కాదు. పిల్లలు లేరు ఆమెకు. నా బిడ్డనే తన బిడ్డనుకున్నది. దాని గౌనుకు పూలు కుట్టడం సగంలో ఉండిపోయింది.

మరుసటి ఎండాకాలానికి కొంచెం తేరుకున్నాక అమ్మగారింటికి సిరిసిల్ల పోయి కొన్నాళ్లు ఉండి వచ్చింది. వచ్చాక మా తగువు మరీ ముదిరింది. మంచంలో పడుకుని కూడా కొట్లాడేది. నేను బడి నుంచి వచ్చి సంచి కింద పెట్టకముందే "అక్కా, ఇయ్యాలన్న ఒప్పుకుంటవా?" అనేది. "నా పీనుగు మీద" అనేదాన్ని. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో, దేవుడు నా పీనుగు అడగలేదు.

చివరిసారి హైదరాబాద్ తీసుకుపోయే రోజు మధ్యాహ్నం కారు వాకిట్లో నిలబడి ఉన్నది. మా మరిది, నేను చెరో పక్క పట్టుకుని తీసుకొచ్చాం. కోడిపిల్లంత బరువు లేదు. గడప దగ్గర ఆగింది. ఊపిరి తీసుకోవడానికి ఆగిందని నాకు తెలుసు. అయినా ఆ గడప మీద ఆమె నిలబడ్డ తీరు చూసి నాకు పాట గుర్తొచ్చింది. నా లోపల ఏదో తెగింది.

"చెల్లే, పాటల పోయస్తనే ఉన్నది. నాకు ముందుగాల్నుంచి ఎర్కే. నువ్వే గెలిచినవు" అన్నాను.

జీవితంలో మొదటిసారి ఒప్పుకున్నాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ముఖం పాలిపోయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నది.

"గట్ల ఒప్పుకోకక్క. కొట్లాడు. నువ్వు ఒప్పుకుంటె నాకు భయమైతది."

"సరే, ఒప్పుకుంట లేను తియ్యి. నువ్వు అచ్చేవరకు సిరిసిల్ల పోయి ఆ పిల్లనే అడుగుత. ఎవలు గెలిచిన్రో తేలుతది."

"అద్దు. అడుగకు. నేనచ్చినంక ఇద్దరం పోదాం."

"గట్లనే."

"అడుగనని ఒట్టు పెట్టు."

పెట్టాను. అప్పుడు గడప దాటింది. కారులో కూర్చుని అద్దం దించి "పోయస్తక్క" అన్నది. నేను ఏడుపు ఆపుకుంటూ "పోతున్న అను" అని తగువుకు పోయాను. నవ్వింది. మూలమలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడ్డాను.

రాలేదు. తీసుకొచ్చారు.

ఆ రోజుల గురించి రాయను. గ్రూపులో అందరూ మన పోయస్త అక్క లేదని రాస్తే నాకు ఫోన్ ముట్టబుద్ధి కాలేదు. సాంచా పాట వినలేదు. ఇంట్లో కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పాం. గోడ అవతల సప్పుడు లేక ఇప్పుడు నాకు నిద్ర పట్టేది కాదు. ఆమె నాకేమీ రక్తసంబంధం కాదు. ఒకే ఇంటికి వచ్చిన ఇద్దరు పరాయి ఆడపిల్లలం. కానీ మా అమ్మ పోయినప్పుడు కూడా నేనట్లా ఏడవలేదు.

సంవత్సరీకం అయ్యాక ఒకనాడు అద్దంలో నన్ను నేను చూసుకుని అనుకున్నాను, ఇంక ఒట్టు ఎవరి కోసం? వస్తానన్న మనిషి రాలేదు. ఇద్దరం పోదామన్నది, నేను ఒక్కదాన్నే మిగిలాను. ఆ పాటలో పోయస్త అని ఉంటే బాగుండు అనిపించింది. ఆమె గెలిస్తే చాలు. ఎక్కడో ఒకచోట, ఒక పాటలోనైనా, గడప దాటిన మనిషి వస్తానని చెప్పి ఉంటే చాలు. అది ఆ పిల్ల నోటితో వినాలి. వింటే నాకు కొంచెం నిద్ర పడుతుందనుకున్నాను.

సౌండ్ ఆయనను అడిగి ఇల్లు కనుక్కున్నాను. రుద్రంగి మీదుగా వేములవాడ పోయి, అక్కడ బస్సు మారి సిరిసిల్లలో దిగాను. ఆ వాడలోకి అడుగు పెట్టగానే రెండు పక్కల ఇళ్లలోంచి సాంచాల సప్పుడు మీద పడింది. ఎవరో వెనక నుంచి అక్కా అని పిలిచినట్టై నిలబడిపోయాను. ఎవరూ లేరు.

ఆ పిల్ల పిల్లేమీ కాదు, ముప్పై దాటి ఉంటుంది. ముందు గదిలో రెండు సాంచాలు, ఒకదాని మీద వాళ్ల నాన్న. నన్ను లోపల గద్దె మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. ఆమెను చెల్లే అనడానికి నాకు నోరు రాలేదు.

"అమ్మా, నేను కోరుట్ల నుంచి అచ్చిన. మీ సాంచా పాట..." అన్నానో లేదో ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"మీరు పోతున్న అక్కనా?"

నేను తెల్లబోయాను.

"మీ యారాలు అచ్చింది గదా నిరుడు ఎండకాలం. గీ గద్దె మీదనే కూసున్నది. నెత్తికి కొంగు కప్పుకొని. ఆమె ఎట్లున్నది, మంచిగున్నదా?"

తల అడ్డంగా ఊపాను. ఆమె నా చేతిలోని చాయ్ గ్లాసు తీసి కింద పెట్టి నా పక్కన కూర్చున్నది. సాంచా నడుస్తూనే ఉన్నది. "గట్లయితే ఇగ చెప్పచ్చు" అన్నది. "తను పోయినంకనే చెప్పుమన్నది."

"ఏంది చెప్పుమన్నది?"

"పాటల ఏం లేదక్క. నాతోనన్న మాట ఒకటె అనేకాడికే మేము కట్టినం. ఆ మాటేందో మేమింక అనుకోనే లేదు. తర్వాత రాద్దాం అనుకునేవరకు మేమే ఇడిపోయినం."

"మరి పో అన్నది?"

"గది పాట కాదక్క. నేను పాడుతుంటె బాపు సాంచా మీద ఉండె. పోగు తెగింది. సాంచా ఆపిండు గని, ఏడ తెగిందో బాపుకు కండ్లు ఆనయి. నాకు కనవడ్డది. పోగు తెగింది బాపు, గీడ అనుకుంట ఫోన్ బంద్ చేసి లేసిన. నోట్ల రాగం ఉండె గదా, పో అన్నది పాట లెక్కనే అచ్చింది."

పోగు. దారం పోగు. ఇన్ని ఊళ్ల వాళ్లం, మస్కట్ దాకా, ఇన్నేళ్లు కొట్టుకున్నది దారం పోగు మీద. నాకు నవ్వొచ్చింది. నవ్వు మొదలుపెడితే ఏడుపుగా మారింది. తుడుచుకుంటూ అడిగాను.

"చెప్తె ఏమన్నది మా చెల్లె?"

"నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గు అచ్చింది. నాకు ముందుగాల్నుంచి అనుమానమే, పోగు తెగి ఆపిన సప్పుడు నాకెర్కలేదా, సాంచాల నడుమ పుట్టిన అన్నది. మరి ఇన్నొద్దులు ఎందుకు కొట్లాడినవక్క అని నేనడిగిన." ఆమె ఆగింది. "గప్పుడు నా చెయ్యి పట్టుకొని, నేను పోయేదాక ఎవ్వలకు చెప్పకు, మా అక్క అచ్చి అడిగినా చెప్పకు అన్నది. పాట ఒడిసింది, ఇగ అయిపోయింది అంటె మా కొట్లాట ఒడుస్తది, కొట్లాట ఉన్నన్ని రోజులు నేనుంట అన్నది."

మా చెల్లె సిరిసిల్ల నుంచి తిరిగొచ్చి మంచంలో పడుకుని చేసిన తగువంతా, పోయస్త పోయస్త అని నా మీదికి లేచిందంతా, పాటలో ఆ మాట లేదని తెలిసి చేసిందే. పోయస్త అన్న మాట పాటలో లేదు. అది ఆమె సొంత మాట. నాకు చెప్పిన మాట. గడప మీద నేను ఒప్పుకుని ఆ కొట్లాటను ఆమె చేతుల్లోంచి గుంజుకోబోయాను. అందుకు భయపడింది నా చెల్లె.

లేచాను. ఆ పిల్ల వాకిలి దాకా వచ్చింది. "పోయస్త అని పోవాలక్క" అని గుర్తు చేసింది. చేతులు జోడించి మెట్లు దిగాను.

బస్సులో రుద్రంగి దాటాక ఫోన్ తీశాను. సౌండ్ ఆయన అప్పటికే గ్రూపులో వేసేశాడు, పోతున్న అక్క సిరిసిల్ల పోయిందని. అందరూ అడుగుతున్నారు. ఏం చెప్పింది? ఏమున్నది పాటల? రాయికల్ ఆమె రాసింది, "మన పోయస్త అక్కనే గెలిచింది గదా? ఒప్పుకోరాదుండ్రి ఇగనన్న, ఆమె ఆత్మ శాంతిస్తది."

నేనిక్కడ రాసిందంతా చదివి మా గ్రూపు వాళ్లెవరైనా అడిగితే, అంతా కథ అని చెప్తాను. దబాయించడం నాకు కొత్త కాదు.

"ఆ పిల్ల చెప్పలేదు. చెప్పకున్నా నాకెర్కే. పాటల పోతున్న అనే ఉన్నది" అని రాశాను.

ఒక్కసారిగా మీద పడ్డారు. మెట్‌పల్లి ఆయన, రాయికల్ ఆమె, ఎన్నడూ ఏ పక్షమూ చెప్పని మస్కట్ అతను కూడా. పోయస్త, పోయస్త, పోయస్త అని వరసగా వచ్చి పడుతూనే ఉన్నాయి. నేను ఒక్కదాన్నే ఈ పక్క. కళ్లనిండా నీళ్లతో అక్షరాలు కనబడకున్నా ఒక్కొక్కరికీ జవాబు రాస్తూ కోరుట్ల దాకా కొట్లాడాను. ఇప్పటికీ కొట్లాడుతూనే ఉన్నాను. నేను ఒప్పుకోను. ఒప్పుకుంటే నా చెల్లెకు భయమైతది.